ఢిల్లీ రోడ్లపై పిల్లల సైకిల్: ఆదివారం వెసులుబాటు చాలదు

న్యూఢిల్లీ: గురుగ్రామ్‌లో 2013 నవంబరులో మొదలైన 'రాహ్‌గీరీ' కార్యక్రమం కోసం ఆదివారం ఉదయం కొన్ని రోడ్లపై మోటారు వాహనాలను నిలిపివేసేవారు. పిల్లలు నడిరోడ్డుపై నిర్భయంగా సైకిళ్లు తొక్కేవారు. 2014లో ఇది ఢిల్లీలోని కన్నాట్ ప్లేస్‌కూ వచ్చింది. అయితే బడి ఉండేది సోమవారం.

నిత్యం సైకిల్‌కు చోటిచ్చే ప్రయత్నం రాజధానిలో అంతకుముందే జరిగింది. 2008లో అంబేడ్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య సుమారు 5.8 కిలోమీటర్ల బీఆర్‌టీ కారిడార్‌లో బస్సులకు, సైకిళ్లకు వేర్వేరు దారులు కేటాయించారు. కార్లకు చోటు తగ్గిందన్న వివాదం హైకోర్టుకు చేరింది. 2012లో న్యాయస్థానం ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. అయినా కారిడార్‌ను తొలగించాలని ఢిల్లీ ప్రభుత్వం 2015లో నిర్ణయించింది. కార్లలో వెళ్లేవారి గొంతు పెద్దది. సైకిల్‌పై వెళ్లేవారిది కాదు.

చిన్నపిల్లలకు మొదట ఎదురయ్యేది మాత్రం ప్రధాన రహదారి కాదు, కాలనీ రోడ్డు. అక్కడ ప్రత్యేక మార్గం కంటే వాహన వేగమే కీలకం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు గతిశక్తి, 30 వద్ద ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. నివాస ప్రాంతాలు, మార్కెట్లు, సర్వీసు రోడ్లలో గరిష్ఠ వేగాన్ని ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు 2021 జూన్‌లోనే 30గా నిర్ణయించారు. రోడ్డు వెడల్పుగా, నునుపుగా ఉన్నంతకాలం బోర్డు ఒక్కటే డ్రైవరును నిలువరించలేదు. పైగా వరుసగా నిలిపిన కార్లు పిల్లవాణ్ని రోడ్డు మధ్యకు నెడతాయి. వాటి చాటున అతడి తల కూడా కనబడదు. మలుపుల వద్ద పార్కింగ్‌ను తొలగించి, స్పీడ్ బ్రేకర్లు వేయడానికి బీఆర్‌టీ అంత ఖర్చు అక్కర్లేదు.