త్యాగమూర్తి అనేస్తే సరిపోతుందా?

మా అమ్మమ్మ కిందటేడు పోయింది. తొంభై రెండేళ్ళ నిండు జీవితం. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "మహాతల్లి! గడప దాటి ఎరగదు, నోరెత్తి ఎరగదు. త్యాగమూర్తి." పేపర్లో వేయించిన శ్రద్ధాంజలి ప్రకటనలోనూ అదే మాట. అందులో పోయిన తేదీ ఉంది గానీ పుట్టిన తేదీ లేదు. ఎవరికి తెలుసు గనక? కార్తీకమాసంలో పుట్టానని ఆవిడ చెప్పేది. ఆధార్ కార్డులో మాత్రం జనవరి 1!

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు అనుకోవడం మన మర్యాద. కాదనను. నా పేచీ అల్లా ఆ "త్యాగమూర్తి" అన్న మాటతోనే. వినడానికి పొగడ్తలా ఉంటుంది. కానీ ఆ మనిషి ఏం చేసింది, ఏం ఆలోచించింది అని ఇక ఎవరూ అడగక్కర్లేకుండా చేసేస్తుంది.

అమ్మమ్మకి పదమూడో ఏట పెళ్ళయింది. ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండాలని శారదా చట్టం 1929లోనే వచ్చినా, మా ఊళ్ళో దాన్ని పట్టించుకున్నవాళ్ళెవరు? చదువు రెండో క్లాసుతో సరి. ఆ కసి మనసులో ఉండబట్టే కాబోలు, మా అమ్మ హైస్కూలు చదువు అవగానే తాతయ్య సంబంధాలు వెతకబోతే, వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట. పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మి, అమ్మని బందరు పంపి టీచరు ట్రైనింగు చదివించింది. అమ్మ ఇప్పటికీ ఈ సంగతి కళ్ళనీళ్ళతోనే చెబుతుంది. దీన్ని త్యాగం అందామా? నేనైతే నిర్ణయం అంటాను. తన పొలం, తన కూతురు, తన పట్టుదల.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మీలో చాలామంది వినే ఉంటారు. వేలమంది ప్రాణాలు పోయాయి. మా ఊరిదాకా కెరటం రాలేదు గానీ గాలివానకి పాకలన్నీ లేచిపోయాయి. మా డాబా ఇంట్లో ముప్ఫైమంది తలదాచుకున్నారు. తాతయ్య అంతమందికి ఆశ్రయమిచ్చాడని ఊరంతా చెప్పుకునేవారు. నిజమే. మరి అంతమందికీ తిండో? పురిలో ధాన్యం తడిసి మొలకెత్తబోతుంటే, అటక మీది ఎండు కొబ్బరి మట్టలు దింపించి, కాగుల్లో ఉడకబెట్టించి, ఎండ రాగానే ఆరబోయించి, రోట్లో దంపించి పది రోజులు నెట్టుకొచ్చింది అమ్మమ్మ. పూటకి ఎన్ని శేర్లు పట్టేవో వేళ్ళ మీద లెక్కేసి చెప్పేది నాకు. ఊరు చెప్పుకునే కథలో ఆ లెక్క లేదు!

ఇళ్ళలోనే కాదు, చరిత్రలోనూ ఇదే వరస. అందుకేగా, ముప్ఫై చిల్లర ఏళ్ళకే 1905లో కన్నుమూసిన భండారు అచ్చమాంబ, ఉన్న ఆ కొద్ది కాలంలోనే "అబలా సచ్చరిత్ర రత్నమాల" పేరుతో స్త్రీల జీవితాలు పోగుచేసి రాసింది! తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ అనుభవాలను వాళ్ళ మాటల్లోనే స్త్రీశక్తి సంఘటన వారు "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది 1986లో. అప్పటికి ఆ పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు దాటింది. ఉద్యమాల్లోకి దూకినవాళ్ళ కథే అంత ఆలస్యంగా వస్తే, ఇక గరిటె పట్టినవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

పెద్దవాళ్ళ కోపతాపాలు, పంతాలు నలుగురిలో పెట్టడం ఏం బావుంటుంది అంటారేమో. అమ్మమ్మ అలిగిందని చెప్పుకుంటే ఆవిడ గౌరవం తగ్గుతుందా? నాకైతే ఆ వారం రోజుల మౌనమే ఆవిడ జీవితంలో అన్నిటికన్నా పెద్ద మాట అనిపిస్తుంది. ఆ మౌనం వల్లే మా అమ్మ సొంత కాళ్ళ మీద నిలబడింది, నేను డిగ్రీ చదివాను.

మీ ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, అమ్మో ఉంటే "మాత్ర వేసుకున్నావా, అన్నం తిన్నావా"తో ఆగిపోకండి. మొదటిసారి నీ చేతికి డబ్బు ఎప్పుడొచ్చింది? ఎవరి మాట కాదన్నావు? ఏం చెయ్యాలనుకుని చెయ్యలేకపోయావు? ఇలాంటివి అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, లేదంటే ఓ నోటుబుక్కులో రాసిపెట్టండి.

"నాదేముందే చెప్పుకోడానికి!" అంటారు ముందు. ఆ మాటకి లేచి వచ్చేయకండి. ఇంకాసేపు కూచోండి.