రంగూనులో రెండవ పూట

చిరకాలమిత్రుని చూచుటకు రంగూనునకు, అనగా నేటి యాంగోనునకు, పోయిన తెలుగువానిని ఆ మిత్రుడు మొదట ష్వేడగోను స్తూపమునకే కొనిపోవును. అది తగినదే. 300 అడుగులకు మించిన ఆ బంగారు స్తూపము సంధ్యవేళ మెరయుచుండగా చూపు మరలదు.

అంతటితో నగరమును చూచితినని తలచుట మాత్రము పొరపాటు. రేవునకు దారి చూపుమని మిత్రుని అడుగవలెను. ఆంగ్లేయుల కాలమున అచట బస్తాలు మోసినవారిలో పెక్కుమంది తెలుగువారు. తొలుత గోదావరీముఖమునందలి కోరంగి రేవున ఓడలెక్కి వచ్చినందున వారికి ‘కోరంగీ’లని పేరు కలిగెను. 1839 నాటి తుపానులో కోరంగి పాడుపడినది. పాపము, ఆ ఊరి పేరు మాత్రము కడలికావల కూలివానికి పేరై నిలిచినది!

1930 మే నెలలో ఈ కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. పని పెట్టువారు బర్మావారిని తెచ్చుకొని, సమ్మె తీరగానే వెళ్లగొట్టిరి. అంతట పేదలు పేదలపై పడిరి, ఎందరో మడిసిరి. లాభపడినవారు ఆ వీథులలో లేరు. 1942లో జపాను సేనలు రాగా లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. అనేకులు అడవిదారులలోనే ప్రాణములు కోల్పోయిరి.

స్తూపము చిత్రపటము ఏ అంగడిలోనైనను దొరకును. ఈ కథ అట్లు దొరకదు. ఊరెరిగిన మిత్రుడే చెప్పవలెను. కావున స్తూపదర్శనమునకు ఒక పూట చాలును. రెండవ పూట అతనితో రేవుగట్టున నడచుటకు ఉంచుకొనవలెను.