మొదటి రైఫిల్ అందరిదీ కావాలి

హాస్టల్ వార్షికోత్సవం వచ్చిందంటే పూర్వ విద్యార్థులమైన మేమంతా తలా కొంత వేసుకుని ఏదో ఒకటి కొనివ్వడం ఆనవాయితీ. ఫ్యాన్లు, స్టీలు కంచాలు, క్యారమ్ బోర్డులు, వాలీబాల్ నెట్లు అయ్యాయి. ఈసారి తమ్ముళ్లు అడిగినది ఎయిర్ రైఫిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశానికి షూటింగ్‌లోనే మూడు కాంస్య పతకాలు వచ్చాయి. ఆ ఆట మీద పిల్లలకు ఆశ పుట్టడంలో వింత లేదు.

అయితే ఈ కోరిక వినగానే మాలోనే కొందరు పెదవి విరిచారు. "బాత్‌రూమ్ తలుపులకు గడియలు లేని హాస్టళ్లున్న రోజుల్లో తుపాకులా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ గడియ బిగించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. దాన్ని అడిగి సాధించుకోవాలి. మనం చందాలేసుకుని ఆ పని చేస్తే ప్రభుత్వం బరువు దించినవాళ్లమవుతాం తప్ప పిల్లలకు కొత్తగా ఇచ్చింది ఏమీ ఉండదు. మన డబ్బు చేయవలసినది, పేదపిల్లలకు ఎవరూ తెరవని తలుపు తెరవడం.

షూటింగ్ నిజంగా అలాంటి తలుపే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. అతనికి రైఫిల్ కొనడానికి తల్లిదండ్రులు ఉన్న స్థలం అమ్ముకుని అద్దె ఇంట్లో ఉన్నారు. వారి త్యాగానికి నమస్కారం. కానీ మన ఇళ్లలో అమ్మడానికి స్థలమేది? కౌలు చేలో నాట్లు వేసే అమ్మకు, ఆటోనగర్‌లో రేకులు కొట్టే నాన్నకు పుట్టిన పిల్లవాడి కన్ను ఎంత చురుకైనదైనా, రైఫిల్ పట్టుకోకపోతే ఆ సంగతి వాడికే తెలియదు. అందుకే మా అభిప్రాయం ఒక్కటే: మొదటి రైఫిల్ ఎవరో ఒక్క కుర్రవాడిది కాకూడదు, హాస్టల్‌ది కావాలి. దాన్ని ఎంచుకునేటప్పుడు కూడా ఆ లెక్కనే ఎంచుకోవాలి.

దుకాణానికి వెళితే మొదట చెప్పేది తుపాకీ బలం గురించే. "ఇది అంత దూరం కొడుతుంది, అంత మందం రేకు చీలుస్తుంది" అంటారు. మనకు ఆ మాటతో పని లేదు. మనం కొట్టవలసినది పది మీటర్ల దూరంలోని కాగితాన్ని. దానికి ఏడెనిమిది జౌళ్ల శక్తి చాలు. పోటీలకు వాడే ఖరీదైన రైఫిళ్ల శక్తి కూడా అంతే. బలం ఎక్కువైతే కుదుపు, చప్పుడు, ప్రమాదం పెరుగుతాయి గాని గురి పెరగదు. బోరు 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళాలు ఉండాలి. పోటీలో అనుమతించేది అదే. ఆ బోరు మించకుండా, 20 జౌళ్లు దాటకుండా ఉంటే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయినా గుర్తింపు పత్రాలు చూపి, బిల్లు తీసుకుని, వార్డెన్ గారి లిఖితపూర్వక అనుమతితోనే హాస్టల్లోకి తేవాలి.

ఇక రకాలు. ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కొట్టే తుపాకీ అందరం చూశాం. గొట్టం విరిచి, గుండు పెట్టి, మళ్లీ మూసేది స్ప్రింగు రకం. ధర తక్కువ, గాలి నింపే పని లేదు. కాకపోతే లోపల స్ప్రింగు కదిలినప్పుడల్లా తుపాకీ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రెండోది సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రకం, పీసీపీ అంటారు. కుదుపు ఉండదు. ఒలింపిక్స్ స్థాయి పోటీల్లో వాడేవి ఈ రకమే. విదేశీ కంపెనీలవి లక్షల్లో ఉంటాయి. మన దేశంలో తయారయ్యేవి అంతకన్నా చౌకగా దొరుకుతున్నాయి గాని, వాటికి గాలి నింపే పంపు ఖర్చు, వాషర్ల మరమ్మతు అదనం.

మా సలహా: మొదటి ఏడాదికి తక్కువ శక్తిగల మంచి స్ప్రింగు రైఫిల్ చాలు. దానికి టెలిస్కోపు వద్దు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో దాన్ని అనుమతించరు. వెనుక సన్నని రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ బిగించే వీలున్నదే చూడండి. స్ప్రింగు తుపాకీని ప్రతిసారీ ఒకేలా పట్టుకోకపోతే గుండు ఒకచోట పడదు. అది లోపమే అయినా, నేర్చుకునేవాడికి ఆ లోపమే మాస్టారు.

కొనేముందు మరో పరీక్ష. తుపాకీని హాస్టల్లో పొడుగరి చేతికి కాదు, ఏడో తరగతి పొట్టివాడి చేతికి ఇచ్చి చూడండి. మడమ భుజానికి ఆనించినప్పుడు వేలు హాయిగా ట్రిగ్గర్ మీద పడాలి. నడుం వెనక్కి విరుచుకుని మోస్తున్నాడంటే అది వాడికి బరువు. ఎడమచేతి వాటం పిల్లలకూ కుదరాలి. అందరికీ సరిపడని తుపాకీ కొంటే చివరికి అది ఇద్దరు పెద్దపిల్లల సొత్తవుతుంది.

ఉన్న డబ్బంతా తుపాకీకే పోయకండి. పోటీలో ఒక్కరు కొట్టేది 60 గుండ్లు. ఇరవైమంది ఒక్కసారి కొడితే 1,200 గుండ్లు. 500 గుండ్ల డబ్బాలు దాదాపు రెండున్నర ఒక్క విడతకే ఖాళీ. కాబట్టి వచ్చిన చందాలో సగమే రైఫిల్‌కు పెట్టాలి. మిగతా సగం గుండ్లకు, టార్గెట్ కార్డులకు, గుండు ఆగే ఇనుప పెట్టెకు, కళ్లద్దాలకు, తాళం వేసే బీరువాకు కావాలి. వారానికొక్కసారైనా తెలిసిన కోచ్‌ను పిలిపించుకునే ఖర్చు కూడా అందులోనే చూసుకోవాలి. గుండు చదునుతలది కొనండి, కాగితం మీద రంధ్రం గుండ్రంగా పడుతుంది. గుండ్లు సీసంతో చేసినవి గనుక సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం కంచం ముట్టరాదు. మన కృష్ణాతీరపు ఉక్కకు ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, కొట్టిన ప్రతి రోజూ నూనెగుడ్డతో తుడవాలి. గుండు లేకుండా పేల్చితే స్ప్రింగు పాడవుతుంది.

ఇంకొక మాట కఠినంగానే చెప్పాలి. ఈ తుపాకీ కొల్లేటి కొంగల కోసం కాదు, పొలంగట్టు పిట్టల కోసమూ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పైగా మన పిల్లల చేతిలో తుపాకీ చూడగానే అనుమానంగా చూసే కళ్లు ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఒక్క పిట్ట పడినా, ఒక్క కిటికీ అద్దం పగిలినా ఆ తప్పు ఒక్కడిది అనరు, హాస్టల్ పిల్లలందరి మీదా వేస్తారు.

రైఫిల్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద ముందు తపస్సు చేశాడు, ఆ తరువాతే పాశుపతం దొరికిందని బెజవాడలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. కదలకుండా నిలబడటం, ఊపిరి నిదానించడం, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని రెండు నిమిషాలు వణక్కుండా ఉండటం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. ఎన్.సి.సి. ఉన్న స్కూలైతే చేరండి, అక్కడ 0.22 రైఫిల్ ఫైరింగ్ నేర్పుతారు. పది మీటర్ల టార్గెట్‌లో పదో నంబరు చుక్క అర మిల్లీమీటరు మాత్రమే, ఆవగింజ కన్నా చిన్నది. దాన్ని కొట్టేది తుపాకీ కాదు, నిలకడ.

ఒక రిజిస్టరు పెట్టండి. ప్రతివాడికీ పది గుండ్లు, నూటికి మార్కులు. నెలరోజులపాటు ఎవరు తొంభై తగ్గకుండా కొడతారో వాళ్ల కోసం రెండో రైఫిల్, మంచి రైఫిల్ కొనే పూచీ మాది. 2014లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు వాళ్ల ఇళ్లవాళ్లు ఏమీ అమ్ముకోలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ వెనుక నిలబడింది. నిలబడేవాళ్లుంటే మన పిల్లలు ఎంత ఎత్తుకైనా పోతారని అప్పుడే రుజువైంది.

ఏకలవ్యుడి కథ మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుని బాధపడుతున్నాం. ఆ బాధ తీరాలంటే బొటనవేలు అడిగిన కాలాన్ని తిట్టుకుంటే చాలదు. ఈ కాలపు పిల్లల వేళ్లకు పని కల్పించాలి. అన్నలారా, అక్కలారా, చందా రాసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. తమ్ముళ్లారా, మీరు రిజిస్టరు సిద్ధం చేసుకోండి.