అరుగుకొక ఫొటో

రాజమండ్రి వచ్చినవారు గోదావరి గట్టున నిలబడి హేవలాక్ వంతెనను ఫొటో తీసుకోకుండా వెళ్లరు. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన ఆ వంతెనకు ఫొటోల లోటేమీ లేదు. లోటల్లా మా ఇన్నీసుపేట ఇళ్లకే!

మొన్న ఆదివారం కెమెరా భుజాన వేసుకుని ఒక పెంకుటింటి ముందు ఆగాను. వీధరుగు, చెక్కిన గుమ్మం, లోపల మండువా. నాలుగు చూరులూ లోపలికే వాలి ఉంటాయి. వాననీరంతా నడిమి గచ్చులో పడి తూము గుండా బయటికి పోతుంది. గాలీ వెలుతురూ కూడా ఆ దారినే వస్తాయి. (ఇది ఫొటోలో పట్టడం కష్టం సుమండీ! ఎండ నడినెత్తికొస్తే గచ్చంతా తెలుపు, మూలలన్నీ చీకటి. పొద్దుటే తీయాలి.)

"ఇందులో ఏముంది బాబూ తీయడానికి?" అన్నారు ఇంటి మామ్మగారు. వచ్చే నెలలో పడగొడుతున్నారట, అపార్టుమెంటు కోసం. తీరా నేను తీయబోతే, "ఉండు నాయనా, అరుగు కడగలేదు" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చారు. ముగ్గు కూడా పెట్టారు.

రెండు ప్రింట్లు వేయించాను. ఒకటి ఆవిడకిచ్చాను. రెండోదాని వెనక వీధి పేరూ తేదీ రాసుకున్నాను. మా నాన్నగారి పెట్టెలో ఇలాంటి ఫొటోలు నాలుగున్నాయి. అవి ఎవరి ఇళ్లో చెప్పేవారే లేరు.