కంబాలకొండకు సఫారీ జీపు అవసరమా?

విశాఖలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు పోతుంటే కుడిచేతి వైపు జూ, దాని వెనక సముద్రం. ఎడమచేతి వైపు కొండలన్నీ కంబాలకొండ అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న అడవి ఇది. 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉంది. 2002లో అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న ఊరిని ఆనుకుని చిరుత, కణితి, కొండగొర్రె, అలుగు బతుకుతున్న అడవి మిగిలి ఉండడం మన అదృష్టం. అందుకే నలుగురు కూడిన చోట ఈ మాట వస్తూ ఉంటుంది: నల్లమలలో జీపు సఫారీ ఉంది కదా, ఇక్కడ ఎందుకు ఉండకూడదు?

ఆ కోరికను తేలిగ్గా తీసిపారేయకూడదు. సెలవురోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు గేటు దగ్గరే అడుగుతారు, “లోపల జంతువులు కనబడతాయాండీ? బండేమైనా ఉంటుందా?” అని. రోడ్డుకు అవతలే 625 ఎకరాల జూ 1977 నుంచి ఉంది. చిరుత ఎలా ఉంటుందో ఈ ఊరి పిల్లలకు తెలుసు. కంచె అడ్డం లేకుండా, తన అడవిలో తాను తిరిగే చిరుతను చూడాలని వాళ్ల ఆశ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు కొండదారిలో నడవలేరు. అడవి నడవగలిగినవాళ్లకే అంటే వీళ్లకు అన్యాయమే.

ఇంకో బలమైన వాదన నేల గురించి. విశాఖలో ఖాళీగా కనబడిన కొండ ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. ముందు ఒక రేకుల షెడ్డు లేస్తుంది, తర్వాత మెట్లు కడతారు, ఆపైన కరెంటు స్తంభం వస్తుంది. జనం చూసిన అడవిని జనమే కాపాడతారు, ఎవరూ అడుగుపెట్టని అడవి పోతే అడిగే దిక్కు కూడా ఉండదు. ఈ మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

నల్లమలలో దీనికి రుజువు దొరుకుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జీపులు నడుపుతోంది. ఆ అడవిని తరతరాలుగా ఎరిగిన చెంచులకు దానివల్ల ఇంత పని దొరుకుతోంది. జీపు తిరిగే మట్టిబాట వేసవిలో కార్చిచ్చుకు అడ్డుకట్ట అవుతుంది, సిబ్బంది గస్తీకీ పనికొస్తుంది. వేటగాడు ఉచ్చు బిగించాలంటే రోజూ బండి పోయే దారికి దూరంగానే ఉంటాడు. మంచి సఫారీ అడవికి మేలు చేస్తుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అయితే ఆ నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణం మూడు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అక్కడ జీపులు ఒక మూల తిరుగుతుంటే జంతువు ఇంకో లోయలోకి తప్పుకుంటుంది. కంబాలకొండను నలుచదరంగా పరిచి చూస్తే ఒక్కో వైపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు దాటదు. ఒకవైపు జాతీయ రహదారి, మరోవైపు అడవివరం రోడ్డు, అంచున ముడసర్లోవ జలాశయం, లోపల శంభువానిపాలెం. బండి చప్పుడుకు బెదిరిన కణితి పారిపోతే ఎటు పోతుంది? రోడ్డు మీదికే వస్తుంది.

అడవి తీరు కూడా వేరు. కాన్హా పులుల పార్కులో విశాలమైన గడ్డి మైదానాలున్నాయి, అర కిలోమీటరు దూరంలో మేసే దుప్పుల మంద జీపులోంచి కనబడుతుంది. కంబాలకొండ తూర్పు కనుమల పొడి అడవి. తుప్పలు, తీగలు అల్లుకుపోయి పది అడుగుల అవతల ఏముందో తెలియదు. పైగా 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కూల్చిన చెట్ల చోట చిగిర్చిన పొదలు ఇంకా దట్టం. ఇలాంటి చోట జీపులో కూర్చున్నవాడికి జంతువు కనబడాలంటే దారికి అటూ ఇటూ పొదలు కొట్టాలి, బాట పక్కనే నీటితొట్లు కట్టాలి. కొట్టిన అంచుల్లో ముందు లేచేది లాంటానా కలుపు. చూపించడం కోసం మార్చుకుంటూ పోతే చివరికి చూపించడానికి మిగిలేది ఆ అడవి కాదు.

కాలినడకన పోతే ఇదే అడవి వేరుగా కనబడుతుంది. వన సంరక్షణ సమితి తరఫున దారి చూపే మనిషి ఒక చెదల పుట్ట దగ్గర ఆగుతాడు. పుట్ట అడుగున మట్టి తాజాగా పెళ్లగించి ఉంటుంది. అలుగు రాత్రి వచ్చి ముందుకాళ్ల గోళ్లతో చీల్చి చెదల్ని తిని పోయిన గుర్తు అది. ఇంకాస్త ముందుకు వెళ్తే ముళ్లపంది విడిచిన ముల్లు, నలుపూ తెలుపూ పట్టీలతో. బాట మధ్యలో ఎండిన మలంలో వెంట్రుకలుంటే అది చిరుతది కావచ్చు, ఏం తిన్నదో ఆ వెంట్రుకలే చెబుతాయి. ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే జీపులో ఇవేవీ కంటపడవు.

జీపు వస్తే దాని వెంట వచ్చే ఒత్తిడి సంగతీ ఆలోచించాలి. పేరున్న పులుల పార్కుల్లో ఒక డ్రైవరుకు పులి కనబడితే కబురు మిగతా బండ్లకూ అందుతుంది, నిమిషాల్లో అన్నీ అక్కడే చేరతాయి. టిక్కెట్టు కొన్నవాడికి ఏదో ఒకటి చూపించాలన్న ఆత్రం డ్రైవరుది, అందులో అతని తప్పు లేదు. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని ఆపింది. కొత్త మార్గదర్శకాలు వచ్చాక అక్టోబర్‌లో ఆ ఆదేశం ఎత్తేసింది. వాటి ప్రకారం కోర్‌లో ఐదో వంతుకు మించి పర్యాటకులకు తెరవకూడదు. మామూలు అభయారణ్యానికి ఈ లెక్క వర్తించదుగానీ, అదే కొలతతో చూస్తే కంబాలకొండలో 14 చదరపు కిలోమీటర్లు. అందులో జీపుల దారి ఎక్కడ వేస్తాం?

నడక వైపు మొగ్గే నాలాంటివాళ్లు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటుంది. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపింది. చిరుతలున్న కొండల్లో జనాన్ని నడిపించడం సబబేనా? జీపే క్షేమం కదా? ఆ భయం న్యాయమైనది. చిరుత మెలకువగా తిరిగేది ఎక్కువగా చీకటివేళల్లో, అంచున దాన్ని లాగేవి వీధికుక్కలు, చెత్తకుప్పలు. కాబట్టి చీకటి పడకముందే గేటు మూయాలి, గుంపు చిన్నదిగా ఉండాలి, ముందొకరు వెనకొకరు దారి తెలిసినవాళ్లుండాలి, పిల్లలు మధ్యలో నడవాలి. రాత్రి సఫారీ అన్న ఆలోచన ఏ రూపంలోనూ రాకూడదు.

బండి కావాల్సినవాళ్ల కోసం ముంబై సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం వైపు చూడొచ్చు. చుట్టూ మహానగరం, లోపల స్వేచ్ఛగా తిరిగే చిరుతలు. అక్కడ సింహాల్నీ పులుల్నీ చూపించే బస్సు తిరిగేది కంచె వేసిన ఆవరణలో. మనకు రోడ్డు అవతల జూ ఉండనే ఉంది, అలాంటి ఏర్పాటుకు చోటు అక్కడే. కంబాలకొండలో నడవలేనివాళ్ల కోసం ఇప్పుడున్న బాట మీదే, కొత్తగా చెట్టు కొట్టకుండా, లోపలి చెరువు దాకా ఒకటి రెండు బ్యాటరీ బండ్లు చాలు.

అంతకు మించి ఖర్చుపెట్టే డబ్బుంటే ముందు జంతువులు దాటే రహదారి వైపు చూడాలి. దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రిపూట అటవీ గేట్లు వేసి వాహనాల్ని ఆపుతారు. మన జాతీయ రహదారికి గేటు వేయలేం, రాత్రంతా లారీలు పోతూనే ఉంటాయి. రోడ్డు కింద నీళ్లు పోయే కల్వర్టుల్లో జంతువు దూరగలిగేంత పెద్దవి ఏవో గుర్తించి, వాటిని శుభ్రంగా ఉంచి, రెండువైపులా జంతువును అటు మళ్లించే కంచె వేయించాలి. జీపుల టెండరు కంటే ముందు పిలవాల్సిన టెండరు అది.