పైంట్‌కి వెళ్లండి, తాగకపోయినా

బ్రిటన్‌కు చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లే మన పిల్లలకు ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లో పెద్ద పెద్ద మాటలు నేర్పుతారు గానీ ‘పైంట్’ గురించి చెప్పేవాళ్లు కనపడరు. చెప్పాలి. మన బార్లలో పైంట్ అంటే 330 మిల్లీలీటర్ల చిన్న బీరు సీసా. అక్కడ 568 మిల్లీలీటర్ల నిండు గ్లాసు. ఇక్కడి లెక్కన రెండే కదా అనుకున్న కుర్రాడు తనకు తెలియకుండానే లీటరు దాటేస్తాడు. అందుకే సగం పైంట్ అడగవచ్చని కూడా తెలిసి ఉండాలి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. శుక్రవారం సాయంత్రం తోటి ఉద్యోగి ‘పైంట్‌కి వస్తావా’ అంటే మనవాళ్లలో చాలామంది మందు పార్టీ అనుకుని ఏదో సాకు చెప్పి తప్పుకుంటారు. నిజానికి అది కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకుందామనే పిలుపు. ఆఫీసులో నోరు విప్పని మనిషి కూడా పబ్బులో తన ఊరి గురించి, ఫుట్‌బాల్ గురించి, ఖాళీ అవబోతున్న ఉద్యోగం గురించి చెబుతాడు. వెళ్లండి. ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ గ్లాసులు తెచ్చిపెట్టడం అక్కడి మర్యాద. మీ వంతు రాగానే లేచి కౌంటర్ దగ్గర డబ్బు కట్టండి, మీ కోసం ఆరెంజ్ జ్యూస్ తెచ్చుకోండి. తాగమని నేను అనడం లేదు. తాగని పిల్లలే ఈ మాటను అందరికన్నా ముందు నేర్చుకోవాలి.