పండుగ కార్డు పిల్లచేతిదే కావాలి

సంక్రాంతి దగ్గరపడుతున్నది. 1980లలో డిసెంబరు రాగానే చిన్న ఊళ్ళలో సైతం పుస్తకాల కొట్ల ముందు తాళ్ళకు గ్రీటింగు కార్డులు వేలాడేవి. దేవుళ్ళవీ, సినిమా తారలవీ, గులాబీలవీ. నేడు ఆ పని సెల్‌ఫోను చేస్తున్నది. ఒకే గంగిరెద్దు బొమ్మ ఊరందరి ఫోన్లలో తిరుగుతున్నది. పంపినవారికీ జ్ఞాపకం ఉండదు, అందుకున్నవారికీ ఉండదు.

పొట్టకూటికి హైదరాబాదో, బెంగళూరో వెళ్ళి పండుగకు రాలేని తండ్రులు ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంటే, ఈ ఏడు ఆమె చేత ఒక కార్డు చేయించి పంపవచ్చు. ఖర్చు లేని పని. అటక మీది పాత శుభలేఖల వెనుక వైపు ఖాళీయే. నున్నటి వాటికి రంగు పట్టదు గనుక గరుకువి ఏరుకోవాలి. బెండకాయను అడ్డంగా కోస్తే పువ్వు అచ్చు సిద్ధం. చిక్కగా కలిపిన పసుపులో అద్దితే పచ్చపూలు, బీట్‌రూట్ రసంలో అద్దితే ఎర్రపూలు. పసుపులో సున్నం కలిపితే ఇంకా ఎర్రన గాని, సున్నం పసివాళ్ళ కళ్ళకు ప్రమాదం; ఆ జోలికి పోరాదు. బంతి రేకులు అంటించడానికి మైదా జిగురు చాలు.

చిక్కల్లా పెద్దలతోనే. బడిలో ప్రాజెక్టు అంటే రాత్రి పదింటికి తండ్రి చార్టు మీద గీతలు గీస్తాడు, తల్లి మెరుపు పొడి చల్లుతుంది, పిల్ల చాప మీద నిద్రపోతుంది. మర్నాడు మెచ్చుకోలు పిల్లకు. అది తనది కాదని పిల్లకూ తెలుసు! పండుగ కార్డుకైనా ఆ గతి పట్టించరాదు. ఎద్దుకు ఐదు కాళ్ళు వేస్తే దిద్దనక్కరలేదు. ఐదోది తోక అని పిల్లే చెబుతుంది. అక్షరాలు రాని పిల్ల చేయి పట్టి 'శుభాకాంక్షలు' అని రాయించడం కన్నా, ఆమె చెప్పిన మాటనే పెద్దలు రాసిపెట్టడం మేలు. 'నాన్నా, నీకు రెండు అరిసెలు దాచాను' అన్న ముక్క ఏ అచ్చు కార్డులో దొరుకుతుంది?

ఫోనులో పిల్ల ముఖమే చూపించవచ్చు గదా అనవచ్చు. చూపించాలి కూడా. అయితే ఫోను కట్టేశాక ఆ తండ్రి గది గోడకు అంటించుకునేది ఏమీ మిగలదు.

గవ్వలు, పూసలు అంటిస్తే బరువు 20 గ్రాములు దాటి స్టాంపు ఖర్చు పెరుగుతుంది. భోగికి వారం ముందే, పిల్లను ఎత్తుకుని ఆమె చేతనే పోస్టుడబ్బాలో వేయించాలి. కవరు మీద ఆరంకెల పిన్ కోడ్ మాత్రం పెద్దలే రాయాలి.